రసాయన పరిచయం: రంగు ఒకటే, పసుపులు వేరు

మన కర్మాగారపు ఆవరణలో అడుగు పెట్టిన వారి కంటికి మొదట ఆనే రంగు పసుపు. వాయువులను మోసే గొట్టాలు, క్రేను కొక్కేలు, మెట్ల అంచులు, నడకదారి గీతలు, యంత్రాల చుట్టూ ఉండే కంచెలు అన్నీ ఆ రంగులోనే ఉంటాయి. గొట్టాల గుర్తింపు రంగులను నిర్ణయించే ఐ.ఎస్. 2379 ప్రమాణం వాయువులకు కేనరీ పసుపును కేటాయించింది. రంగుల ఛాయలను పట్టికగా ఇచ్చే ఐ.ఎస్. 5లో దాని సంఖ్య 309. అదే పట్టికలో నిమ్మపసుపు 355, బంగారు పసుపు 356. ఇండెంటు వ్రాసేవారు ఈ సంఖ్యను వేసి సంతకం చేస్తారు, స్టోర్సుకు డబ్బాలు వస్తాయి, పని జరిగిపోతుంది. అయితే ఆ సంఖ్య చెప్పేది కంటికి కనిపించే ఛాయను మాత్రమే. ఆ ఛాయ ఏ పదార్థం వలన వచ్చిందో అది చెప్పదు. డబ్బాలో ఉన్నది సీసపు లవణం కావచ్చు, కర్బన రసాయన శాస్త్రం సృష్టించిన అణువు కావచ్చు. ఈ రెండింటికీ గల తేడా పూత పూసేవాని ఊపిరికీ, పదేళ్ల తరువాత ఆ పూతను గీకేవాని రక్తానికీ సంబంధించినది. ఈ నెల ఈ శీర్షికన ఆ రెండవ కోవకు చెందిన కృత్రిమ కర్బన పసుపు వర్ణకాలను గురించి ముచ్చటించదలచాము.

ముందుగా ఒక మాట. మనవారికి పసుపు అనగానే రంగుకంటే ముందు కొమ్ము గుర్తుకు వస్తుంది. రంగుకు ఆ పేరు వచ్చినదే దాని నుంచి. గడపకు రాసినా, శుభలేఖ అంచుకు అద్దినా, అది నిలిచే రంగు కాదని ప్రతి ఇల్లాలికీ తెలుసు. పసుపు నీటిలో ముంచిన బట్టను ఎండలో ఆరవేస్తే కొద్ది రోజులకే వెలవెలబోతుంది. సున్నం తగిలితే ఎర్రబడి పారాణి అవుతుంది. అందులోని కుర్కుమిన్ కాంతికి విరిగిపోతుంది, క్షారానికి రూపు మార్చుకుంటుంది. నూలుకు పట్టి కరిగి లోపలికి ఇంకే ఇటువంటి పదార్థాన్ని అద్దకపు రంగు అంటాము. వర్ణకం స్వభావం దీనికి పూర్తిగా విరుద్ధం. అది నీటిలోగాని, నూనెలోగాని, రెజిన్‌లోగాని కరగకూడదు. సన్నని ఘనకణాలుగా పూత అంతటా చెదరి ఉండి, ఆ కణాలే వెలుగును పీల్చి, చెదరగొట్టి రంగును చూపాలి. కరగకపోవడమే దాని యోగ్యత. కర్బన వర్ణకాల రసాయన శాస్త్రమంతా ఒక విధంగా ఈ కరగనితనాన్ని సాధించే ప్రయత్నమే.

కృత్రిమ వర్ణకాలకు ముందు చిత్రకారులకూ, రంగులు వేసేవారికీ దొరికిన పసుపులు తక్కువ. హరిదళం ఆర్సెనిక్ గంధకాల సమ్మేళనం, విషం. మట్టినుంచి వచ్చే ఓకర్ నిలకడ గలది గాని కాంతి లేనిది. మన దేశం నుంచి ఐరోపాకు వెళ్ళిన మరొక పసుపు ఉండేది. ఇక్కడ దానిని పియూరీ అనేవారు. 1883లో త్రైలోక్యనాథ్ ముఖర్జీ వ్రాసిన వివరాల ప్రకారం బీహారులోని ముంగేరు దగ్గర మామిడాకులు మేపిన ఆవుల మూత్రం నుంచి దానిని తీసేవారు. ఇరవయ్యో శతాబ్ది ఆరంభానికి అది బజారు నుంచి మాయమైంది. పియూరీ అనే మాటను మాత్రం పాఠకులు గుర్తుంచుకోవాలి, దానితో మళ్ళీ పని పడుతుంది.

వీటన్నిటినీ పక్కకు నెట్టినది క్రోము పసుపు, అనగా సీసపు క్రోమేటు. 1797లో ఫ్రెంచి రసాయనవేత్త వాక్లాఁ సైబీరియా ఖనిజం నుంచి క్రోమియం మూలకాన్ని గుర్తించిన తరువాత ఆ లోహపు లవణాలు రంగులకు అక్కరకు వచ్చాయి. క్రోము పసుపు చవక, కాంతిమంతం, పలుచని పూతలోనే అడుగును కప్పివేస్తుంది, వేడికి తట్టుకుంటుంది. దాని బరువులో 64 శాతం సీసమే. మిగిలిన భాగంలో ఉన్న క్రోమియం ఆరవ ఆక్సీకరణ స్థితిలో ఉన్నది, కాన్సరు కారకం. ఈ రెండు దోషాలూ లేకుండా అంత మంచి పసుపు కావాలన్న కోరికకు వందేళ్లకు పైగా జవాబు రాలేదు.

ఆ జవాబుకు బీజం 1858లో పడింది. ఆ సంవత్సరం పీటర్ గ్రీస్ అనే జర్మన్ రసాయనవేత్త డయాజో సమ్మేళనాలను కనుగొన్నాడు. అనిలీన్ జాతికి చెందిన ఒక అమైనును చల్లని ఆమ్లంలో నైట్రస్ ఆమ్లంతో కలిపితే, రెండు నత్రజని పరమాణువులు పక్కపక్కన గల ఒక చంచలమైన పదార్థం ఏర్పడుతుంది. అది తగిన మరొక అణువు దొరకగానే దానితో జతకట్టి గాఢమైన రంగు నిస్తుంది. ఈ జతకట్టడాన్నే కర్మాగారాలలో కప్లింగ్ అంటారు. ఈ సూత్రంతో వందలకొద్దీ అద్దకపు రంగులు పుట్టాయి. 1909లో జర్మనీలోని హెక్స్ట్ కర్మాగారంలో హెర్మన్ వాగ్నర్ దీనినే వర్ణకానికి ప్రయోగించి ఒక కరగని పసుపును తయారుచేశాడు. హాన్సా పసుపు అనే పేరుతో అది మరుసటి ఏడు బజారుకు వచ్చింది. అంతర్జాతీయంగా వర్ణకాలకు సంఖ్యలిచ్చే కలర్ ఇండెక్స్ అనే సూచికలో దాని పేరు పిగ్మెంట్ ఎల్లో 1. పసుపు కోవలో అదే మొదటి అంకె.

దాని తయారీని కొంచెం వివరంగా చెప్పుకుందాం. ఈ కుటుంబంలోని తక్కిన పసుపులన్నీ ఇంచుమించు ఇదే దారిలో నడుస్తాయి. కావలసినవి రెండు ముడి పదార్థాలు. ఒకటి 2-నైట్రో-4-మిథైల్ అనిలీన్ అనే అమైను. రెండవది అసిటోఅసిటానిలైడ్, డైకిటీన్‌ను అనిలీన్‌తో చర్య జరిపి దీనిని చేస్తారు. మొదటి తొట్టిలో అమైనును హైడ్రోక్లోరిక్ ఆమ్లంలో బాగా కలియబెట్టి, ఐసు గడ్డలు నేరుగా అందులోనే వేసి, 0 నుంచి 5 డిగ్రీల సెల్సియస్ మధ్యకు దింపుతారు. అందులోకి సోడియం నైట్రైట్ ద్రావణాన్ని పంపుతారు. వేడి పెరిగితే డయాజో సమ్మేళనం నత్రజనిని వదలి విరిగిపోతుంది, సరుకు మట్టిరంగుకు దిగజారుతుంది. అందువల్లనే వర్ణకాల కర్మాగారంలో ఐసు కూడా ఒక ముడిసరుకు. నైట్రైట్ చాలినంత పడినదో లేదో చూడటానికి గంజి, అయొడైడు పూసిన కాగితం మీద ఒక చుక్క వేస్తారు. వెంటనే నీలి మచ్చ పడితే చాలినట్లే. పని పూర్తయిన తరువాత మిగిలిన నైట్రైట్‌ను సల్ఫమిక్ ఆమ్లంతో పోగొడతారు.

రెండవ తొట్టిలో అసిటోఅసిటానిలైడ్‌ను కాస్టిక్ సోడా నీటిలో కరిగించి, ఆపైన అసిటిక్ ఆమ్లం పోసి తిరిగి తెల్లని సన్నటి అవక్షేపంగా దించుతారు. కరిగించి మళ్ళీ దించడం వృథా శ్రమగా తోచవచ్చు. కాని చర్యకు సన్నని కణాలు కావాలి. ముడిసరుకు సన్నగా లేకపోతే వర్ణకమూ సన్నగా రాదు. పి.హెచ్. 4, 5 మధ్య నిలిచేలా చూస్తూ డయాజో ద్రావణాన్ని ఒకటి రెండు గంటలపాటు నెమ్మదిగా దీనిలోకి వదులుతారు. తెల్లని ముద్ద చూస్తూ ఉండగానే పసుపు ముద్దగా మారుతుంది. ఈ దశలో ఆపరేటరు చేసే పరీక్ష చాలా సులువైనది. వడపోత కాగితం మీద ముద్దను ఒక చుక్క వేసి, దాని చుట్టూ పాకిన తడి అంచును హెచ్-ఆమ్లపు ద్రావణంతో తాకిస్తాడు. అంచు రంగు తేలితే డయాజో ఇంకా మిగిలి ఉన్నదని అర్థం, పోత ఆపాలి. ఎన్ని యంత్ర పరికరాలు వచ్చినా ఈ చుక్క పరీక్షను మించిన వేగం గలది మరొకటి లేదని మా అభిప్రాయం.

తరువాత ఆవిరితో వేడిచేసి కణాలకు తగిన పరిమాణం వచ్చేవరకు ఉంచి, ఫిల్టర్ ప్రెస్‌లో పట్టి, ఉప్పు పోయేదాకా కడిగి, ఆరబెట్టి, పొడి చేస్తారు. కణం పరిమాణం మైక్రానులో పదో వంతు ప్రాంతంలో ఉంటుంది. అదే రసాయనం, అదే తూకం. కాని కణం సన్నగా ఉంటే రంగు బలంగా, పారదర్శకంగా ఉంటుంది, పెద్దదైతే బలం తగ్గి కప్పే గుణం పెరుగుతుంది. ముద్రణ సిరా తయారీకి సరుకునంతా ఆరబెట్టనవసరం లేదు. తడి ముద్దను వార్నిష్‌తో కలిపి బలమైన పిసికే యంత్రంలో వేస్తే, వర్ణకం నీటిని వదలి నూనెలోకి చేరుతుంది, నీరు పైకి తేలి బయటకు పోతుంది. దీనిని ఫ్లషింగ్ అంటారు.

ఇక ఈ అణువు ఎందుకు పసుపు, ఎందుకు కరగదు అన్న ప్రశ్న. నత్రజని జంట, దాని రెండు వైపులా ఉన్న వలయాలు కలిసి కాంతిలోని నీలి, ఊదా భాగాన్ని పీల్చుకుంటాయి. మిగిలినది మన కంటికి పసుపుగా తోస్తుంది. పాఠ్యపుస్తకాలు దీనిని అజో వర్ణకం అని పిలుస్తాయి. ఎక్స్-కిరణాలతో స్ఫటికాలను పరిశీలించగా, ఒక హైడ్రోజన్ పరమాణువు నత్రజని మీదికి జరిగి అణువు హైడ్రజోన్ రూపంలో ఉన్నదని తేలింది. ఆ హైడ్రోజన్ పక్కనే ఉన్న ఆక్సిజన్‌తో బంధం కలుపుకొని అణువునంతటినీ బల్లపరుపుగా బిగిస్తుంది. బల్లపరుపు అణువులు అప్పడాల దొంతరలా ఒకదానిమీద ఒకటి పేర్చుకుంటాయి. ఆ దొంతరను విడదీయడం ద్రావణికి కష్టం.

కష్టమే గాని అసాధ్యం కాదు. పిగ్మెంట్ ఎల్లో 1 అణుభారం 340 మాత్రమే. ఇంత చిన్న అణువు నీటికి లొంగకపోయినా, జైలీన్ వంటి ద్రావణులకూ, వేడి రెజిన్‌కూ కొంత లొంగుతుంది. అందుకే హాన్సా పసుపులు గోడలకు వేసే ఎమల్షన్‌లలో, గాలికి ఆరే ఎనామిళ్లలో చక్కగా నిలుస్తాయి. బట్టీలో కాల్చే ఎనామిలుకూ ప్లాస్టిక్కుకూ పనికిరావు. లోపల కరిగి, తరువాత పైకి వచ్చి పొడిలా తేలి చేతికి అంటుకుంటాయి. ఆకుపచ్చ ఛాయ గల పిగ్మెంట్ ఎల్లో 3, బలమైన పిగ్మెంట్ ఎల్లో 74 ఈ కోవలోనివే.

అణువును పెద్దది చేస్తే కరగదు గదా అన్నది తరువాతి ఆలోచన. రెండు చివరలా అమైను గుంపులు గల 3,3'-డైక్లోరోబెంజిడిన్ తీసుకొని, రెండు వైపులా డయాజో చేసి, రెండు అణువుల అసిటోఅసిటానిలైడ్‌తో జతపరిస్తే పిగ్మెంట్ ఎల్లో 12 వస్తుంది. అణుభారం 629. డయారిలైడ్ పసుపులనే ఈ కుటుంబానికి 1911లోనే పేటెంటు లభించినా బజారులో నిలదొక్కుకోవడానికి 1930ల దాకా పట్టింది. దీని బలం హాన్సా పసుపుకు ఇంచుమించు రెండింతలు. పారదర్శకంగా కూడా ఉంటుంది కాబట్టి నాలుగు రంగుల ముద్రణకు సరిగ్గా సరిపోయింది. రంగుల బొమ్మ ఏదైనా అచ్చయినదంటే, దానిలోని పసుపు చుక్కలు సాధారణంగా పిగ్మెంట్ ఎల్లో 12 గాని, 13 గాని అయి ఉంటాయి. ఎండకు మాత్రం పిగ్మెంట్ ఎల్లో 12 బలహీనం. గోడమీది సినిమా పోస్టరు కొన్ని వారాలకే వెలిసి నీలి నీడగా మిగలడానికి కారణం, అందులోని పసుపు, ఎరుపు సిరాలు ముందుగా వెళ్లిపోవడమే.

డయారిలైడ్ పసుపుల విషయంలో రెండు హెచ్చరికలు తప్పవు. 1990ల ఆరంభంలో హెక్స్ట్ పరిశోధకులే ప్రకటించిన సంగతి ఒకటి. ప్లాస్టిక్కులో కలిపి 200 డిగ్రీలకు మించి వేడి చేస్తే ఈ అణువు విరగడం మొదలవుతుంది, విరిగిన ముక్కలలో డైక్లోరోబెంజిడిన్ ఉంటుంది. జంతువులలో కాన్సరు కలిగించిన పదార్థమది. దానికి దగ్గరి చుట్టమైన బెంజిడిన్ మనుషులలోనే మూత్రాశయ కాన్సరు కలిగిస్తుందని రుజువైంది. రంగుల కార్మికులలో ఆ వ్యాధిని ఫ్రాంక్‌ఫర్ట్ వైద్యుడు లుడ్విగ్ రేన్ 1895లోనే గుర్తించాడు. పాలీప్రొపిలీన్ వంటివి 200 డిగ్రీలు దాటిన వేడిలోనే పోత పోస్తారు కాబట్టి అటువంటి వాటికి ఈ పసుపులు వాడరాదు. అంతవరకు ఇవి ఆ పనికి వాడుకలో ఉండినవే. రెండవది, డయాజో దశలో జరిగే చిన్న పక్కచర్య. దాని వలన పి.సి.బి. 11 అనే క్లోరిన్ సమ్మేళనం లేశమాత్రంగా పుడుతుంది. పి.సి.బి.ల తయారీని ఎన్నో దేశాలు నిషేధించిన తరువాత కూడా ఈ ఒక్కటి నదులలో, నగరాల గాలిలో కనిపిస్తూ ఉండటానికి పసుపు సిరాలు ఒక కారణమని పరిశోధకులు తేల్చారు. ఇలా అనుకోకుండా పుట్టే పి.సి.బి.లకు అమెరికా 1984లో పరిమితి విధించింది. ఏడాది సగటున పది లక్షల భాగాలలో 25 భాగాలు మించకూడదు.

వేడికీ ఎండకూ నిలిచే పసుపులు తరువాతి తరానివి. 1960 ప్రాంతంలో వచ్చిన బెంజిమిడజోలోన్ పసుపులలో అణువును పెంచడంకంటె, పక్క అణువులతో హైడ్రోజన్ బంధాలు కలుపుకునే ఒక వలయాన్ని దానికి తగిలించారు. పిగ్మెంట్ ఎల్లో 151, 154 ఆరుబయటి పూతలకు, 180 ప్లాస్టిక్కులకు పేరు పొందాయి. ఐసోఇండోలినోన్ కోవలోని 110 మోటారు వాహనాల పూతలో కూడా నిలుస్తుంది. ధర ఎక్కువే, ఆ సంగతికి తరువాత వస్తాము.

ఈ కథలో మన దేశపు పాత్ర చిన్నది కాదు, అందులో ప్రభుత్వరంగానికీ వాటా ఉన్నది. వర్ణకం చేయాలంటే ముందు అనిలీన్, నైట్రోబెంజీన్ వంటి మధ్యంతర రసాయనాలు కావాలి. స్వాతంత్ర్యం వచ్చిన తొలి రోజులలో వాటికి దిగుమతులే దిక్కు. ఆ లోటు తీర్చడానికే 1960 డిసెంబరులో హిందుస్థాన్ ఆర్గానిక్ కెమికల్స్ లిమిటెడ్ స్థాపన జరిగింది. మహారాష్ట్రలో దాని కర్మాగారం వెలసిన ఊరికి రసాయని అనే పేరు స్థిరపడింది. గుజరాతులోని వట్వా, అంకలేశ్వర్, వాపీ పారిశ్రామికవాడలలో రంగుల పరిశ్రమ వ్యాపించింది. 2017లో కేంద్ర మంత్రివర్గం రసాయని యూనిట్‌ను మూసివేయాలని నిర్ణయించింది. రాకెట్లకు అవసరమైన నైట్రోజన్ టెట్రాక్సైడ్ ప్లాంటు మాత్రం ఇస్రోకు దక్కింది. నష్టాల లెక్క ఎలా ఉన్నా, ఒక పరిశ్రమకు పునాది వేసిన సంస్థగా దానికి రావలసిన గుర్తింపు రాలేదని మేము భావిస్తాము. మరొక వైపు, హాన్సా పసుపు పుట్టిన హెక్స్ట్ వారి వర్ణకాల వ్యాపారం 1997లో క్లారియంట్‌కు, 2022లో హ్యూబాక్‌కు చేరి, 2025 మార్చిలో పూణేకు చెందిన సుదర్శన్ కెమికల్ ఇండస్ట్రీస్ చేతికి వచ్చింది.

ఇంత జరిగినా సీసపు పసుపు పోలేదు. పియూరీ మాటను గుర్తుంచుకొమ్మన్నాము గదా. 2019లో బంగ్లాదేశ్‌లో పసుపు కొమ్ముల వ్యాపారాన్ని పరిశీలించిన పరిశోధకులకు, కొమ్ములకు మెరుపు తేవడానికి మిల్లులలో కలుపుతున్న సీసపు క్రోమేటుకు అక్కడ వ్యవహారంలో ఉన్న పేర్లలో పేవురీ ఒకటని తెలిసింది. ఆవు మూత్రపు రంగు పోయినా పేరు మిగిలి విషానికి అంటుకున్నది. అక్కడి ఆహార భద్రతా సంస్థ ప్రచారం, దాడులు, జరిమానాలు చేపట్టగా, సీసం కనిపించిన బజారు నమూనాలు 2019లో 47 శాతం ఉండగా 2021 నాటికి ఒక్కటీ లేకుండా పోయాయి. పట్టుపట్టితే రెండేళ్లలో అయ్యే పనే అది.

మన దేశంలో గృహ, అలంకరణ రంగులలో సీసం పది లక్షల భాగాలలో 90 భాగాలు మించరాదన్న నిబంధనలు 2016లో వెలువడి 2017 నవంబరు 1 నుంచి అమలుకు వచ్చాయి. వాటి పేరులోనే ఉన్నది కిటుకు. కర్మాగారపు రంగులు ఆ పరిధిలోకి రావు. అంటే మన ఇంటి కిటికీకి వేయకూడని పసుపును మన ప్లాంటు గొట్టానికి వేయవచ్చు. పైగా పాత గొట్టాల మీద ఒకదానిపై ఒకటి ఎన్నో పూతలు ఉంటాయి. వాటిలో సీసం ఎంత ఉన్నదో సంఖ్య 309 చెప్పదు. మరమ్మతు రోజున ఆ గొట్టాన్ని గ్రైండరుతో రాపిడి పట్టేవారు, గ్యాసు కట్టరుతో కోసేవారు సాధారణంగా కాంట్రాక్టు కార్మికులు. దుమ్ముగా, ఆవిరిగా లేచే సీసాన్ని వారు పీలుస్తారు, బట్టలకు పట్టిన దానిని ఇంటికి తీసుకుపోతారు. ఇంట్లో పసిపిల్లలుంటారు. పిల్లల రక్తంలో ఇంతవరకు సీసం ఉన్నా హాని లేదని చెప్పగల మోతాదు ఏదీ లేదని వైద్యశాస్త్రం చెబుతున్నది. విషపూరితమైన పూత ఉన్న లోహాన్ని కోసే ముందు, వేడి తగిలే చోటు నుంచి కనీసం 4 అంగుళాల మేర పూతను తొలగించాలని అమెరికా భద్రతా నిబంధన. గీకవలసివస్తే తడిపి గీకాలి. చేతిలో పట్టే ఎక్స్-కిరణ ప్రతిదీప్తి పరికరంతో సీసం ఉన్నదో లేదో క్షణాలలో తెలుస్తుంది.

ధర మాట. కర్బన పసుపు ఖరీదన్నది మనం తరచుగా వినే అభ్యంతరం. కిలో ధరను కిలో ధరతో పోల్చినంత వరకు అది నిజం. కాని సీసపు క్రోమేటు సాంద్రత 6 ప్రాంతం, కర్బన పసుపులది 1.5 ప్రాంతం, రంగు బలంలో కర్బన పసుపు ఎంతో మిన్న. కాబట్టి డబ్బాలో పడే తూకం చాలా తక్కువ. కప్పే గుణం లేకపోవడం నిజమైన లోపమే. దానికి టైటానియం డయాక్సైడు గాని, బిస్మత్ వనడేటు గాని జోడించవలసి వస్తుంది. అదంతా లెక్కించిన తరువాత కూడా కొంత తేడా మిగలవచ్చు. వైద్య పరీక్షల ఖర్చు, పూత తొలగించే రోజున తీసుకోవలసిన జాగ్రత్తల ఖర్చు ఆ తేడా పక్కన వేసి చూడమని మా మనవి.

ఇండెంటు వ్రాసే మిత్రులు ఐ.ఎస్. సంఖ్యకు తోడు మూడు వాక్యాలు చేర్చితే సరిపోతుంది: సీసం 90 భాగాలలోపు ఉండాలి, వర్ణకపు కలర్ ఇండెక్స్ సంఖ్య తెలపాలి, సరుకు లాటుకు పరీక్షా పత్రం జతపరచాలి. ప్లాస్టిక్కు వస్తువులైతే పోత ఉష్ణోగ్రతను కూడా అడగాలి. అది 200 దాటి, వర్ణకపు సంఖ్య 12, 13, 14, 83లలో ఒకటైతే ఆ సరుకును తిప్పి పంపవచ్చు.

వచ్చే సంచికలో నీలం. 1928లో స్కాట్లండులోని గ్రాంజ్‌మత్ కర్మాగారంలో, తెల్లగా రావలసిన ఒక సరుకు పాత్ర పగులు వలన నీలంగా వచ్చిన వృత్తాంతంతో మొదలుపెడతాము.